స్లాబు వచ్చాకే ఇళ్లు చెడ్డాయా? (మిద్దె, మండువా, ఏసీ)

గచ్చుపని: 1902లో విల్లిస్ క్యారియర్ అనే అమెరికా ఇంజినీరు బ్రూక్లిన్ అచ్చాఫీసుకు తన ఏసీ యంత్రాన్ని రూపొందించింది మనుషుల కోసం కాదు, తేమకు కాగితం సాగకుండా ఉండాలని. 1952లో న్యూయార్క్‌లో లీవర్ హౌస్ వచ్చేసరికి కిటికీ తెరవని అద్దాల మేడ సిద్ధం. ఇల్లు చేయాల్సిన పనిని కరెంటుకు అప్పగించేశాం. మనకు ఆ తప్పు స్లాబుతో మొదలైంది. మిద్దె, మండువా ఏ కరెంటుతో చల్లగా ఉండేవి?

కిలోవాట్: రెండింటినీ ఒకే గాటన కట్టకండి. రాయలసీమ మిద్దెలో దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు, వాటిపైన అడుగు మందం చౌడు మట్టి. మధ్యాహ్నపు వేడి లోపలికి దిగేసరికి రాత్రవుతుంది, అప్పటికి బయట గాలి చల్లబడి ఉంటుంది. కోనసీమలో రాత్రి అంతగా చల్లబడదు, పైగా ఉక్క. అక్కడ మందం కన్నా గాలి ఆడటం ముఖ్యం. అందుకే ఎత్తైన పెంకుటిల్లు, మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా.

గచ్చుపని: నేనన్నదీ అదేగా! స్లాబు 5 అంగుళాలు. మధ్యాహ్నం రెండు గంటలకు ఎండ తగిలితే సాయంత్రం ఆరింటికి సీలింగ్ కాలుతుంది, అర్ధరాత్రి దాకా సెగే. పైగా పాత ఇళ్ల సున్నానికి బట్టీలో 900 డిగ్రీలు చాలు, సిమెంటుగా పొడిచేసే క్లింకరు గడ్డలకు 1450. ఇంధనం ఎక్కడ తక్కువ?

పిట్టగోడ: అయితే స్లాబే 10 అంగుళాలు పోస్తే పోలా 😀

కిలోవాట్: చదరపు మీటరుకు 600 కిలోలు దాటుతుంది, లాభం అంతంతే. కాంక్రీటు వేడిని పట్టి వదులుతుంది గానీ ఆపదు. 5 అంగుళాల స్లాబు గుండా, బయటికీ లోపలికీ ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 3 వాట్ల పైనే దిగుతుంది. ఇళ్లలో ఇంధన పొదుపు కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత (2018) కప్పుకు పెట్టిన హద్దు 1.2. అడుగు మట్టికి లెక్కేస్తే దాదాపు 1.3 వస్తుంది, అక్కడ మీదే పైచేయి. కానీ ఏటా వానల ముందు కొత్త చౌడు పోస్తూ పోతే బరువు పెరిగి, చెదపట్టిన దూలం విరిగేది. ఇక 900, 1450 అంటారా? పాత ఇంటి అడుగున్నర గోడకు ఎన్ని ఇటుకలు కాల్చాలో, ఎంత సున్నం పట్టేదో కూడా కలపండి.

గచ్చుపని: మీరు సిమెంటు కంపెనీ తరఫున మాట్లాడుతున్నట్టుంది.

తాటాకు: ఇద్దరూ పెద్దింటి అరుగు మీద కూర్చునే లెక్కలేస్తున్నారు. గుమ్మాలకు కట్టి నీళ్లు చల్లే వట్టివేళ్ల తడికలు గుర్తున్నాయా? లీటరు నీరు ఆవిరైతే 0.67 యూనిట్ల వేడి లాగేస్తుంది. రోజుకు 100 లీటర్లంటే ఒకటిన్నర టన్నుల ఏసీ 12, 13 గంటలు చేసే పని. ఆ ఏడెనిమిది బిందెలు మోసిందెవరు? దొరల బంగళాల్లో పంకా తాడు లాగిందెవరు? కరెంటు లేదన్నారు గానీ శక్తి లేకుండా ఏదీ చల్లబడలేదు.

గచ్చుపని: ఇంటి కప్పు గురించి మాట్లాడుతుంటే కులం ఎందుకు తెస్తారండీ?

తాటాకు: నేను బిందె అన్నాను. కులం అన్నది మీరు. సరే, కప్పు గురించే చెబుతా. వేడిని ఆపడంలో మీ మిద్దెను మించింది తాటాకు. నిప్పురవ్వ పడితే వాడంతా బూడిదే. ఆ ఇళ్లవాళ్లు స్లాబు కోరుకుంది ఫ్యాషన్ కోసం కాదు. మీకు చెడింది వాళ్లకు కుదిరింది. మీరు అడగాల్సింది స్లాబు ఎందుకొచ్చిందని కాదు, దాన్ని చల్లగా చేసే ఖర్చు ఎవరి మీద పడుతుందని.

పిట్టగోడ: 👏

కిలోవాట్: ఖర్చంటే, ఎండను తిప్పికొట్టడానికి అన్నిటికన్నా చవక తెల్ల సున్నమే. డాబా కడిగి, తడి మీదే వడగట్టిన సున్నం జిగురు కలిపి చల్లపూట రెండు మూడు పూతలు వేయాలి. ఎండిన స్లాబు మీద వేస్తే పొడిగా రాలిపోతుంది. వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసవి ముందు మళ్లీ వేయాల్సిందే. దుమ్ము పట్టినా దాని ప్రభావం తగ్గుతుంది. శాశ్వతంగా కావాలంటే తెల్ల టైలు ముక్కలు. లేదా 2 అంగుళాల థర్మోకోల్, దాని మీద టైలు. వాటర్‌ప్రూఫింగ్ లీకై థర్మోకోల్ తడిసిందా, డబ్బు దండగ. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఎండను తిప్పికొట్టే ఇలాంటి తెల్ల పూతలు, టైళ్ల కోసమే.

తాటాకు: అపార్టుమెంట్ పై అంతస్తులో అద్దెకుండేవాడికి డాబా తాళం ఇస్తారా? కట్టినవాడికి థర్మోకోల్ ఖర్చు మిగులు, ఉండేవాడికి ఏసీ బిల్లు.

గచ్చుపని: అదంతా సరేనండీ, 900కీ 1450కీ తేడా సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.