కన్స్యూమర్ కాన్ఫిడెన్స్ 100 కింద ఉంటే సిప్ ఆపేయాలా?

కొత్త_సిప్
నమస్తే అండి. జనం ఎంత ధీమాగా ఉన్నారో అడిగి ఆర్‌బీఐ రెండు నెలలకోసారి ఇచ్చే కన్స్యూమర్ కాన్ఫిడెన్స్ సర్వేలో ప్రస్తుత పరిస్థితి సూచీ 100 కిందే ఉంటోంది, అంటే బాలేదన్నవాళ్లే ఎక్కువ. ఏడాది తర్వాత ఎలా ఉంటుందో చెప్పేది మాత్రం 100 పైన. ఏది నమ్మాలి? నేను జనం కొనే సరుకుల కంపెనీల్లో పెట్టే ఒక కన్జంప్షన్ మ్యూచువల్ ఫండ్‌లో సిప్ కింద నెలకు 3,000 కడుతున్నా. టెన్షన్‌గా ఉంది, ఆపేయమంటారా?

కిరాణా_తెనాలి
సూచీల సంగతి నాకు తెలియదు బాబూ, నా కౌంటర్ తెలుసు. షాంపూ సీసా కొనే ఇల్లు మళ్లీ రూపాయి సాషేల దండ అడిగిందంటే ఆ ఇంట్లో డబ్బు ఆడట్లేదని అర్థం. అరువు పుస్తకంలో ఐదో తారీఖుకు తీర్చేవాళ్లు ఇప్పుడు ఇరవై దాటాక వస్తున్నారు. ఇన్నేళ్లలో ఏ సర్వే వాళ్లూ నన్ను అడగలేదు.

బెజవాడ_99
ఎలా అడుగుతారన్నా? ఆ సర్వే 19 నగరాల్లో చేస్తారు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు ఉన్నాయి. రాంచీ, రాయ్‌పూర్ కూడా ఉన్నాయి. ఆంధ్రలో ఒక్క ఊరూ లేదు. విశాఖ, విజయవాడ జనం ఏమీ కొనట్లేదా?

మలక్‌పేట
శాంపిల్ అంటే ప్రతి ఊరూ ఉండాలా? తెలుగువాళ్ల తరఫున హైదరాబాద్ ఉందిగా.

బెజవాడ_99
మీ ఐటీ జీతాలూ మా ఆటోనగర్ మెకానిక్ కూలీ ఒకటేనా? మా తరఫున మీరెలా మాట్లాడతారు?

మలక్‌పేట
హైదరాబాద్ అంటే ఐటీయేనా? గంజ్‌కి వచ్చి మిర్చి బస్తాలు మోసే హమాలీలను చూసి మాట్లాడు. మా నాన్న అక్కడే పనిచేశాడు. తెలియకుండా నోరు పారేసుకోకు.

ఇంటింటి_సర్వే
ఇద్దరూ కాస్త ఆగండి. ఇలాంటి సర్వేలకు నాలుగేళ్లు తిరిగాను. ఊరికన్నా ప్రశ్న దగ్గరే నాకు బాధ. ఒకావిడ గడపలో బియ్యం ఏరుకుంటూ ఉంది. "ఖర్చు పెరిగిందామ్మా?" అన్నాను. సిలిండరు, పిల్లాడి ఫీజు, అత్తగారి మందులు వేళ్ల మీద లెక్కపెట్టి "పెరగలేదా మరి!" అంది. ఆర్‌బీఐ లెక్కలోనూ ఖర్చు పెరిగిందంటే ఆశాజనకం కిందే పడుతుంది. ఆ తల్లి మొహంలో ఆశ ఎక్కడుంది?

ఎకనామిక్స్_మాస్టారు
ఇరవై రెండేళ్లు డిగ్రీ పిల్లలకు ఇదే చెప్పాను, నేను చెప్తే తేలిపోతుంది. ఆర్థిక పరిస్థితి, ఉద్యోగాలు, ధరలు, సొంత ఆదాయం, ఖర్చు, ఈ ఐదింటి మీద అడుగుతారు. ఒక్కోదానిలో బాగుందన్నవాళ్ల శాతంలోంచి బాలేదన్నవాళ్ల శాతం తీసేసి, ఐదింటి సగటుకు 100 కలుపుతారు. ధరలు పెరిగాయని దాదాపు అందరూ అంటారు కాబట్టి అది సూచీని కిందికి లాగేస్తుంది. 2019 మధ్య నుంచి ఏళ్ల తరబడి 100 కిందే ఉంది. 2021 మేలో 48.5కి పడింది. ఆ ఫలితం బయటికొచ్చిన జూన్‌లో సెన్సెక్స్ 52,000 దగ్గర ఉంది! 100 కింద ఉందని అమ్ముకోవడం తెలివితక్కువ. అంకె కన్నా పోయినసారికీ ఇప్పటికీ తేడా చూడాలి.

ఇంటింటి_సర్వే
నేను అడిగింది ఖర్చు సంగతి మాస్టారూ. దానికి జవాబు రాలేదు.

ఎకనామిక్స్_మాస్టారు
నిత్యావసరాల ఖర్చు, మిగతా ఖర్చు విడివిడిగా ఇస్తారమ్మా. రెండోది పెరిగితేనే చేతిలో డబ్బున్నట్టు.

డల్లాస్_తెలుగు
మాస్టారి మాట నాకు అనుభవం. ఇక్కడ అమెరికాలో ఇలాంటిదే మిషిగన్ యూనివర్సిటీ సూచీ 2022 జూన్‌లో 50కి పడింది, అప్పటికి అంత తక్కువ ఎప్పుడూ లేదు. భయపడి 401కే, అంటే రిటైర్మెంట్ పొదుపు, కట్టడం ఆపేశాను. అదే అక్టోబరులో మార్కెట్ అడుగు తాకి లేచింది. 2023లో ఇక్కడి షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 ఇరవై నాలుగు శాతం పెరిగితే నేను బయట నిలబడి చూశాను. మా ఆవిడ ఆపొద్దని చెప్పింది, విననందుకు ఇప్పటికీ బాధే.

పసిడి_లోన్
మన దగ్గర బంగారం తాకట్టు పెట్టేవాళ్ల వరస చూస్తే చాలు, సర్వే అక్కర్లేదు.

మలక్‌పేట
బంగారం రేటు పెరిగినా లోన్లు పెరుగుతాయి. అది కష్టానికే గుర్తని ఎలా అంటారు?

పసిడి_లోన్
తాళిబొట్టు గొలుసు తెచ్చి పెట్టేవాళ్లు రేటు చూసి రారు బ్రదర్.

కొత్త_సిప్
మాస్టారూ, డల్లాస్ అన్నా, సిప్ ఆపట్లేదు. ఏడాది తర్వాతి సూచీ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కిరాణా_తెనాలి
వచ్చే ఏడాది బాగుంటుందని మనవాళ్లు ఎప్పుడూ అంటారు బాబూ. నాకు బాకీ ఉన్నవాళ్లు కూడా అదే చెప్తారు, నేను కూడా నమ్మి సరుకిస్తున్నా. దసరాకు నూనె డబ్బాలు ఎన్ని చెప్పాలో తేలట్లేదు, గుంటూరు హోల్‌సేల్ వాళ్లెవరైనా ఉన్నారా?

బెజవాడ_99
మలక్‌పేట అన్నా, మీ నాన్నగారి సంగతి తెలియక అన్నాను, ఏమీ అనుకోకు. విశాఖనైనా ఆ జాబితాలో చేర్చాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.