అనుమానం వచ్చిన పోస్టు కింద జవాబివ్వాలా, రిపోర్టు కొట్టి ఊరుకోవాలా?

సీతమ్మధార మోడరేటర్:
మన విశాఖ గ్రూపుల్లో ఈ వాదన చాన్నాళ్లుగా నలుగుతోంది, ఇక్కడ తేల్చుకుందాం. ఒక పోస్టు చూడగానే అబద్ధమనో మోసమనో అనిపించింది. మామూలు మెంబరు ఏం చెయ్యాలి? చప్పుడు చెయ్యకుండా గ్రూపు నడిపే మాలాంటి మోడరేటర్లకి రిపోర్టు కొట్టాలని కొందరంటారు. నలుగురిలో పెట్టిన అబద్ధాన్ని నలుగురిలోనే ఖండించాలని ఇంకొందరంటారు.

నాది మొదటి మాట. ఈమధ్య ఒక ఉద్యోగ ప్రకటన పడింది: "విదేశాల్లో డేటా ఎంట్రీ, ఇంటర్ చాలు, వీసా మేమే చూసుకుంటాం, ఇన్‌బాక్స్‌లోకి రండి." 2024 మేలో మన పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఎవరూ మర్చిపోయి ఉండరు. డేటా ఎంట్రీ పనేనని చెప్పి, డబ్బులు తీసుకుని, ఏజెంట్లు మన కుర్రాళ్లని పంపించారు. తీరా వెళ్లాక అక్కడ వాళ్లచేత బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. అంత జరిగిన ఊళ్లో ఆ ప్రకటన కింద మనవాళ్లు చేసిందేమిటి? ఒకరు "ఫేక్" అన్నారు, ఇంకొకరు "నీకెలా తెలుసు" అన్నారు, మూడో ఆయన రాజకీయం ఎత్తుకున్నారు. కామెంటు పడిన ప్రతిసారీ పోస్టు పైకొచ్చింది. అప్పటిదాకా చూడనివాళ్లు కూడా చూశారు. రిపోర్టు మాత్రం ఒక్కటీ రాలేదు. నేను డ్యూటీ దిగి ఫోన్ చూసుకునేసరికి అర్ధరాత్రి.

మాకు జీతాల్లేవు. ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ చేస్తున్న పని ఇది. ఇన్ని పోస్టుల్లో ముందు దేన్ని చూడాలో మాకు చెప్పేది మీ రిపోర్టే.

గాజువాక వాసి:
అన్నా, నీ కష్టం కాదనట్లేదు. కానీ రిపోర్టు ఎవుడి చేతిలో ఉందో కూడా చూడాలి కదా. 2021 జనవరిలో కేంద్రం స్టీల్ ప్లాంట్‌లో నూరు శాతం వాటా వదులుకోడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అప్పట్నుంచి ఉక్కు గురించి ఏటి రాసినా ఇటోళ్లో అటోళ్లో గుంపుగా వచ్చి రిపోర్టు కొడతన్నారు. మా నాన్న ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. భూములిచ్చిన నిర్వాసితుల గురించి నేను రాసిన పోస్టు పొద్దున్న పెడితే మధ్యాహ్నానికి లేదు. ఎందుకు తీశారని ఆ గ్రూపు అడ్మిన్ని అడిగితే "చాలా రిపోర్టులొచ్చాయి" అన్నాడు. చాలా రావడం ఒక కారణమా? అందులో తప్పేటో ఒక్కడైనా రాశాడా?

అందుకే నేను ఎదురుగా మాట్లాడమంటాను. కింద కామెంటు పెట్టినోడి పేరు కనబడతాది, నేను జవాబు చెప్పుకోగలను. చాటునుంచి రిపోర్టు కొట్టినోడికి నేనేం చెప్పుకోను?

గోపాలపట్నం:
నేను గాజువాక వాసి పక్షమే, కానీ కారణం వేరు. 2020 మే 7 తెల్లవారుజామున మా దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి బయటికొచ్చింది. జనం ఎక్కడివాళ్లక్కడ పడిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. అదే రోజు అర్ధరాత్రి "మళ్లీ లీకైంది" అంటూ ఫోన్లు మోగిపోయాయి. పిల్లల్ని చంకనేసుకుని జనం మళ్లీ రోడ్లమీదకొచ్చారు, చేతికందిన బండెక్కి వెళ్లిపోయారు. మా వీధంతా ఖాళీ అయింది. అలాంటి రాత్రి రిపోర్టు కొట్టి, అడ్మిన్ నిద్రలేచేదాకా చూస్తూ కూర్చోమంటారా? ప్రాణాల మీదకొచ్చినప్పుడు ఎవరికి తెలిస్తే వాళ్లు అక్కడికక్కడే చెప్పాలి.

సీతమ్మధార మోడరేటర్:
గోపాలపట్నం గారూ, ఆ రాత్రినే కొంచెం దగ్గర్నుంచి చూద్దాం. అప్పుడు అధికారుల మాటలే ఒక్కలా లేవు. ఫైర్ వాళ్లు చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చెయ్యమన్నట్టు వార్తలొచ్చాయి, రెండో లీకేజీ ఏమీ లేదని పోలీసులన్నారు. ఆ పరిస్థితిలో ఓ మెంబరు "అంతా అబద్ధం, ఇంట్లో పడుకోండి" అని రాసి ఉంటే? అది తప్పయితే దాని ఫలితం ఎవరనుభవిస్తారు? తెలిసినవాళ్లు చెప్పాలన్న మీ మాట ఒప్పుకుంటాను. తెలుసు అనుకున్నవాళ్లతోనే నా భయమంతా.

గోపాలపట్నం:
అది నిజమే. అయితే నా మాట సరిచేసి చెబుతాను: అబద్ధమని తీర్పు చెప్పొద్దు. "ఇది ఎవరు చెప్పారు? ఎన్నింటికి? మీరు స్వయంగా చూశారా, ఫార్వార్డా?" అని అడగాలి. ఆ ప్రశ్న మాత్రం అందరికీ కనబడేలా పోస్టు కిందే ఉండాలి. చదివేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. చాటుగా కొట్టిన రిపోర్టు ఆ పని చెయ్యలేదు.

ఎంవీపీ కాలనీ, సెక్టార్ 6:
ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. ఒకమ్మాయి ఫొటో కింద ఎవడో బూతు రాశాడనుకోండి. పదిమంది వీరులు దిగి వాణ్ణి తిడతారు. వాడికి కావలసిందదే. ఆ గొడవంతా ఆ అమ్మాయి ఫొటో కిందే, ఆమె పేరుమీదే జరుగుతుంది. ఇంట్లోవాళ్లు చూస్తారు, కాలేజీలో చూస్తారు. అక్కడ నోరు మూసుకుని రిపోర్టు కొట్టడమే మర్యాద. తర్వాత ఆమెకి ఇన్‌బాక్స్‌లో "నేను రిపోర్టు చేశాను, స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది, కావాలంటే పంపుతాను" అని ఒక్క ముక్క రాయండి. మా చెల్లెలి విషయంలో ఎవరో తెలియని ఒకావిడ అలా రాశారు. అంతకు మించిన ధైర్యం ఇంకెవరూ ఇవ్వలేదు.

స్క్రీన్‌షాట్ ఎందుకంటే, మోడరేటర్ పోస్టు పీకేశాక పోలీసులకి చూపించడానికి ఏమీ మిగలదు. పోస్టు లింకు, పెట్టినవాడి ప్రొఫైల్ లింకు, తేదీ, టైము కనబడేలా తీసి దాచాలి. నగ్న చిత్రాలూ మార్ఫింగ్ ఫొటోలూ అయితే, బాధితురాలో ఆమె తరపు మనిషో ఫిర్యాదు చేసిన 2 గంటల్లోగా (2026 ఫిబ్రవరిలో మార్చేదాకా ఇది 24 గంటలు) తొలగించే చర్యలు తీసుకోవాలని 2021 ఐటీ నిబంధనలు సోషల్ మీడియా కంపెనీలకే చెబుతున్నాయి. కాబట్టి గ్రూపు మోడరేటర్ ఒక్కరితో ఆగక కంపెనీకీ కొట్టండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. డబ్బు పోయిన కేసైతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్.

కోర్టు రోడ్డు:
చిన్న మాట. "పోస్టు తియ్యకపోతే నువ్వు జైలుకెళ్తావ్" అని అడ్మిన్లని బెదిరించడం ఒకటి ఎక్కువైంది. ఉమ్మడి ఉద్దేశంతో చేశారని తేలితే తప్ప, మెంబరు పెట్టిన మెసేజ్‌కి వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌ని నేరస్థుణ్ణి చెయ్యలేమని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో చెప్పింది. 2022లో కేరళ హైకోర్టు కూడా అదే దారిలో తీర్పిచ్చింది. భయపడ్డ అడ్మిన్ ముందు పోస్టు తీసేస్తాడు, తర్వాత ఆలోచిస్తాడు. గాజువాక వాసి పోస్టుకి జరిగింది అదే కావచ్చు.

తెవికీలో రాస్తుంటా:
తెలుగు వికీపీడియాలో ఈ చిక్కుకి ఒక దారి ఉంది. "ఇటీవలి మార్పులు" పేజీ ఎవరైనా చూడొచ్చు. ఎవరో వ్యాసంలో చెత్త రాస్తే మామూలు వాడుకరే ఆ మార్పుని రద్దు చెయ్యొచ్చు, నిర్వాహకుల కోసం ఆగక్కర్లేదు. పేజీనే తొలగించాలంటే మాత్రం నిర్వాహకులు కావాలి. చేసిన ప్రతి మార్పూ చరిత్రలో ఉంటుంది, ఎందుకు చేశామో పక్కన సారాంశం రాయడానికి చోటుంటుంది. సారాంశం రాయనివాణ్ణి చర్చా పేజీలో నిలదీస్తారు. మన గ్రూపుల్లో పోస్టు ఎందుకు పోయిందో పెట్టినవాడికే తెలియదు. ఈ గొడవలన్నీ అక్కడే పుడుతున్నాయని నాకనిపిస్తుంది.

సీతమ్మధార మోడరేటర్:
మంచి మాటలొచ్చాయి. నా వైపు నుంచి ఒకటి చూపిస్తాను. మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ గేట్లెత్తారంటూ వానల్లో ఒక వీడియో వచ్చింది. దానిమీద నాకందిన ఒక రిపోర్టు ఇది: "అన్నా వీణ్ణి లేపెయ్." ఇంకోటి ఇది: "ఈ వీడియో పాతది. ఇదే వీడియో ఇంతకుముందు మన గ్రూపులోనే వచ్చింది, లింకు ఇదిగో. పెట్టినాయన కొత్త మెంబరు, కావాలని చేసినట్టు లేదు." మొదటిదానికి నేను వీడియో అంతా చూసి, వెతికి, అడిగి తెలుసుకోవాలి. రెండోదానికి లింకు తెరిచి సరిచూసుకుంటే చాలు. పైగా ఆ కొత్తాయన మీద వేటు వెయ్యకుండా నచ్చజెప్పే వీలు కలిగింది.

ఇంకో సంగతి, వాట్సాప్‌లో రిపోర్టు నొక్కితే అది కంపెనీకి వెళ్తుంది, అడ్మిన్‌కి కాదు. మాకు విడిగా చెప్పాలి. మీరు చెబితే అందరి ఫోన్లలోంచీ ఆ మెసేజ్ తీసెయ్యగలం.

గోపాలపట్నం గారన్న ప్రశ్న నాకు నచ్చింది. ప్రాణానికో డబ్బుకో ముప్పున్న పోస్టు కింద ఒక్కరు ఒక్క ప్రశ్న అడగండి, వెంటనే రిపోర్టు కొట్టండి. అప్పటికే ఎవరో అడిగి ఉంటే మీరు ఇంకోటి రాయొద్దు. బూతుల దగ్గర మాత్రం సెక్టార్ 6 గారి మాటే, అసలు జవాబే వద్దు.

గాజువాక వాసి:
మరి నా పోస్టు సంగతేటి? కారణం రాసిన రిపోర్టే లెక్కలోకి తీసుకుంటానని చెప్పండి. తీసేస్తే ఎందుకు తీశారో నాకు చెప్పండి. అప్పుడు నేనూ రిపోర్టే కొడతాను.

సీతమ్మధార మోడరేటర్:
ఆ పోస్టు తీసింది మా గ్రూపు కాదు కాబట్టి దాని గురించి నేను చెప్పలేను. మా దగ్గర మాత్రం కారణం లేని రిపోర్టులు ఎన్నొచ్చినా వాటి లెక్క చూసి పోస్టు తియ్యం. తీస్తే కారణం పెట్టినవాళ్లకి ఇన్‌బాక్స్‌లో రాస్తాం. అందరి ముందూ రాయమంటే ఒప్పుకోను, ఆ కారణం కిందే ఇంకో యుద్ధం మొదలవుతుంది.

గాజువాక వాసి:
అక్కడే నాకు తేడా. ఇన్‌బాక్స్‌లో చెప్పింది నాకొక్కడికే తెలుస్తాది. పోస్టు చదివి ఒప్పుకున్నోళ్లకి అదెందుకు పోయిందో ఎవుడు చెప్తాడు?