‘వీలైనంత త్వరగా’: లోక్‌సభ ఉపసభాపతి ఖాళీ

ప్రశ్న:

లోక్‌సభ డిప్యూటీ స్పీకర్ పదవి గురించి చదువుతుంటే రాజ్యాంగం 93వ అధికరణంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. స్పీకర్‌నీ డిప్యూటీ స్పీకర్‌నీ సభ ఎప్పుడు ఎన్నుకోవాలో చెప్పేచోట ఇంగ్లిషులో ‘యాజ్ సూన్ యాజ్ మే బీ’ అని ఉంది. తెలుగులో మనం ‘వీలైనంత త్వరగా’ అంటాం. గడువు రాయలేదు కాబట్టి వీలు చూసుకుని ఎప్పుడైనా ఎన్నుకోవచ్చని ఒకాయన నాతో గట్టిగా వాదించారు. తెలుగు మాటకి ఆ అర్థం వస్తుందా? ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో కూడా మీ అభిప్రాయం చెప్పండి.

జవాబు:

రాదండీ. ఆయన మనసులో ఉన్నది ‘వీలైనప్పుడు’ అనే మాట. ‘వీలైనంత త్వరగా’లో అసలు మాట ‘త్వరగా’. దానికి ముందున్న ‘అంత’ కొలత చెబుతుంది. ఎంత త్వరగా? పరిస్థితి సాగనిచ్చినంత త్వరగా. త్వరపడాలన్నది ముందే తేలిపోయింది, ఎంత అన్నదే మిగిలింది. రోగిని వీలైనంత త్వరగా తీసుకురమ్మని డాక్టర్ చెబితే వచ్చే ఏడాది తీసుకెళ్లి ‘మీరు తేదీ చెప్పలేదుగా’ అనం కదా.

పైగా ఆ వాక్యం చివర ఉన్న క్రియ ‘ఎన్నుకోవచ్చు’ కాదు, ‘ఎన్నుకోవాలి’. స్పీకర్‌నీ డిప్యూటీ స్పీకర్‌నీ ఒకే వాక్యంలో, ఒకే క్రియతో కట్టారు. మొదటివారిని కొత్త సభ కొలువుదీరిన కొద్ది రోజుల్లోనే ఎన్నుకుంటున్నప్పుడు, రెండోవారి విషయంలో అదే క్రియ ఎందుకు సడలిపోవాలి? అదే అధికరణంలో, పదవి ఖాళీ అయినప్పుడల్లా మరొకరిని ఎన్నుకోవాలని కూడా ఉంది. ఆ ‘అల్లా’ని మరిచిపోకూడదు. ప్రతిసారీ అని దాని అర్థం.

ఇప్పుడు జరిగింది చూడండి. 17వ లోక్‌సభ 2019 నుంచి 2024 దాకా నడిచింది. ఆ ఐదేళ్లూ డిప్యూటీ స్పీకర్ లేరు. పూర్తికాలం అలా గడిచిన లోక్‌సభ అంతకుముందు లేదు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ విషయంపై కేంద్రానికి నోటీసు కూడా ఇచ్చింది. 18వ లోక్‌సభ 2024 జూన్‌లో స్పీకర్‌ని ఎన్నుకుంది. డిప్యూటీ స్పీకర్ ఎన్నిక మాత్రం ఆ ఏడాదంతా జరగలేదు. దీన్ని ‘త్వరగా’ అనే మాటలో ఇమడ్చడం ఏ నిఘంటువుకీ సాధ్యం కాదు.

అసలు త్వర అంటే ఏమిటో 1956 చూపించింది. మొదటి స్పీకర్ మావలంకర్ ఆ ఫిబ్రవరి చివర్లో చనిపోయారు. మార్చిలో ఆయన స్థానంలోకి డిప్యూటీ స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్ వచ్చారు, మన తిరుచానూరులో పుట్టినవారు. ఆయన పైకి వెళ్లడంతో డిప్యూటీ పదవి ఖాళీ అయింది. మార్చి నెల ముగిసేలోపే సర్దార్ హుకుంసింగ్‌ని ఎన్నుకున్నారు. ఆయన అప్పుడు ప్రతిపక్ష సభ్యుడు. పాలక కాంగ్రెస్‌కి సభలో తిరుగులేని బలం ఉన్న రోజులవి. ఆ పదవి ప్రతిపక్షానికే ఇవ్వాలన్నది నా అభిప్రాయం కూడా.

మరొకరు:

అర్థం వరకు ఒప్పుకుంటాను. కానీ ప్రతిపక్షానికే ఇవ్వాలని రాజ్యాంగంలో ఎక్కడుందండీ? సభ ఎన్నుకోవాలి అంటే మెజారిటీ ఎవరికి ఉంటే వాళ్లు ఎన్నుకుంటారు. 1990కి ముందు పాలక పక్షం వాళ్లూ ఆ పదవిలో కూర్చున్నారు. రోజువారీ సభ నడపడానికి ప్యానెల్ స్పీకర్లు, అంటే స్పీకర్ కుర్చీలో లేనప్పుడు ఆ పని చూసే సభ్యులు ఉన్నారు. పని ఆగలేదు కదా?

జవాబు:

రాజ్యాంగంలో లేదు, నిజమే. అది ఆనవాయితీ. 1990లో శివరాజ్ పాటిల్ నుంచి మల్లికార్జునయ్య, సూరజ్ భాన్, పి.ఎం. సయీద్, చరణ్‌జిత్ సింగ్ అట్వాల్, కరియా ముండా వరకు ప్రతిపక్షాల వాళ్లే. ప్రభుత్వాలు మారాయి, ప్రధానులు మారారు, ఈ పద్ధతి మాత్రం నిలిచింది. 2014లో వచ్చిన తంబిదురై కూడా పాలక కూటమి మనిషి కాదు, అన్నాడీఎంకే సభ్యుడు.

పని ఆగలేదన్నారు. ప్యానెల్ స్పీకర్లని స్పీకరే నియమిస్తారు. డిప్యూటీ స్పీకర్‌ని సభ ఎన్నుకుంటుంది. తేడా అక్కడుంది. స్పీకర్ పదవే ఖాళీ అయితే ప్యానెల్ వాళ్లకి సభ నడిపే అధికారం ఉండదు. 95వ అధికరణం ప్రకారం ఆ బాధ్యత డిప్యూటీ స్పీకర్‌ది. ఆయనా లేకపోతే రాష్ట్రపతి ఒక సభ్యుడిని నియమించాల్సి వస్తుంది. అంటే సభ తాను ఎన్నుకున్న మనిషి చేతిలో ఉండాల్సిన పని బయటి నియామకం మీద ఆధారపడుతుంది. 94వ అధికరణం ఇంకో చిక్కు చూపిస్తుంది. స్పీకర్ రాజీనామా చేయాలంటే లేఖను డిప్యూటీ స్పీకర్ పేరిటే రాయాలి. డిప్యూటీ స్పీకరే లేకపోతే ఆ లేఖ ఎవరికి రాస్తారు?

తెలుగువాళ్లుగా మనం 2002ని మరిచిపోలేం. స్పీకర్ బాలయోగి గారు ఆ మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. బడ్జెట్ సమావేశాలు నడుస్తున్నాయి. అప్పటి నుంచి మే నెలలో మనోహర్ జోషి ఎన్నికయ్యేదాకా లోక్‌సభని నడిపింది కాంగ్రెస్‌కి చెందిన డిప్యూటీ స్పీకర్ సయీద్. ప్రభుత్వం ఎన్డీఏది. రెండు నెలలకి పైగా ప్రతిపక్ష సభ్యుడు ఆ కుర్చీలో కూర్చుంటే ప్రజాస్వామ్యానికి నష్టం రాలేదు. సభకి పెద్ద దిక్కు పోయిన రోజున, అందరూ ఎన్నుకున్న ఇంకో మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఈ పదవి పెట్టింది సరిగ్గా అందుకే.

ఇంకొకరు:

చిన్న సందేహం. ‘ఉపసభాపతి’ అని రాయాలా, ‘డిప్యూటీ స్పీకర్’ అనే ఉంచాలా? హిందీలో ఉపసభాపతి అంటే రాజ్యసభ డిప్యూటీ ఛైర్మన్ కదా. మన శాసనసభల్లోనేమో స్పీకర్‌ని ‘అధ్యక్షా’ అని పిలుస్తారు.

జవాబు:

మంచి సందేహం. హిందీలో లోక్‌సభ స్పీకర్ ‘అధ్యక్ష్’, రాజ్యసభ ఛైర్మన్ ‘సభాపతి’. మనం తెలుగులో స్పీకర్‌ని సభాపతి అని రాస్తాం. అందుకే హిందీ వార్తని చూసి తెలుగు చేసేవాళ్లు ఏ సభ గురించో తప్పకుండా రాయాలి. ‘లోక్‌సభ ఉపసభాపతి’ అంటే గందరగోళం ఉండదు.

‘ఉప’ అనగానే తక్కువరకం అనుకోవడం నాకు నచ్చదు. ఉపనయనం, ఉపనిషత్తు, ఉపవాసంలో ఉన్న ‘ఉప’కి దగ్గర అనే అర్థం. డిప్యూటీ స్పీకర్ స్పీకర్ కింద పనిచేసే ఉద్యోగి కాదు, నేరుగా సభకే జవాబుదారీ. కుర్చీలో ఉన్నంతసేపూ అధికారం పూర్తిగా ఆయనదే. తోక పదవిగా చూడటం అలవాటయ్యాకే అది ఖాళీగా ఉన్నా ఎవరికీ టెన్షన్ లేకుండా పోయింది.

ఎవరు కూర్చోవాలి అన్నదానికి నా జవాబు: ప్రతిపక్ష సభ్యుడు లేదా సభ్యురాలు, పాలక పక్షం కూడా పేరు వినగానే సరేనని ఒప్పుకోగల అనుభవజ్ఞులు. పార్టీల మధ్య బేరంగా కాకుండా సభ బాధ్యతగా ఎన్నుకోవాలి. ఎన్నిక తేదీని నిర్ణయించేది స్పీకర్ అని లోక్‌సభ నియమాల్లో 8వది చెబుతోంది. గడువు అక్కడ రాయొచ్చు, రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ‘మొదటి సమావేశాలు ముగిసేలోగా’ అని ఒక్క ముక్క చేరిస్తే చాలు.