అటవీ హక్కుల దరఖాస్తుకు విద్యార్థి ఫీల్డ్ నోట్స్ చెల్లుతాయా?

మాది ఆదిలాబాద్. బెంగళూరులో ఆంత్రోపాలజీ పీజీ చేస్తూ, నాగరహొళె అడవి వైపు జేనుకురుబ గిరిజనుల హాడి (వాళ్ల చిన్న ఊరు) ఒకదానికి వెళ్లొస్తుంటాను. వాళ్ల అటవీ హక్కుల దరఖాస్తు 'ఆధారాలు చాలవు' అంటూ తిరిగొచ్చింది. ఒక అవ్వ టేకు చెట్ల మధ్య లంటానా పొదలు పక్కకి నెట్టి, వాళ్ల అత్తగారి సమాధి రాళ్లు చూపించింది. ఇంకేం ఆధారం కావాలండీ!

అటవీ హక్కుల చట్టం కింద 2008 నాటి నియమాల్లో 13వది పెద్దల వాంగ్మూలాన్నీ, శ్మశానాలనూ, పేరున్న సంస్థల పరిశోధననూ సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. 1940ల్లో మా గోండులకు పట్టాలు రావడంలో ఆంత్రోపాలజిస్టు హైమన్‌డార్ఫ్ పాత్ర ఉంది. కానీ ఆయన వెనక నిజాం ప్రభుత్వం ఉంది, నేను విద్యార్థిని.

గ్రామసభ తీర్మానానికి నా నోట్స్ జత చేస్తే చెల్లుతాయా? సంస్థ లెటర్‌హెడ్ తప్పనిసరా? దేవర స్థలాలు మ్యాపులో పెట్టొద్దని పెద్దలు గట్టిగా చెప్పారు, ఆ మాట దాటను. అవి లేకుండా క్లెయిమ్ నిలబెట్టినవాళ్లుంటే దయచేసి దారి చెప్పండి.