పక్షుల పార్కుకి 60 మంది పిల్లలతో వెళ్తున్నా, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ఆరో తరగతి పిల్లలు 60 మందిని వచ్చే నెల పక్షుల పార్కుకి తీసుకెళ్లాలి. బోను బయట నిలబడి చూసే రకం కాదు, పెద్ద వల కప్పిన తోటలోకి మనమే నడుచుకుంటూ వెళ్తే పక్షులు మన చుట్టూ ఎగురుతుంటాయి, అలాంటిది.

నా అసలు టెన్షన్ లోపలికెళ్లే ఆ రెండు తలుపుల దగ్గర. మొదటిది మూశాకే రెండోది తెరవాలి, లేకపోతే పక్షి బయటికి పోతుంది. ఒక్కో విడతకి ఎంతమందిని పంపారు మీరు? నేను 15 మంది, ఇద్దరు టీచర్లు అనుకుంటున్నా, కానీ మిగతా 45 మంది బయట ఊరికే కూర్చుంటే ఎంత గోల చేస్తారో తెలిసిందేగా. వాళ్లకి ఏం పని పెట్టాలి?

మధ్యాహ్నం ఎండకి పక్షులు కొమ్మల్లో నక్కి కూర్చుంటాయి కాబట్టి పొద్దున తెరవగానే వెళ్దామనుకుంటున్నా. చిలుకలు మెరిసేవి ఏవి కనబడినా లాగుతాయి, అందుకే చెవిపోగులు వద్దని చెప్పేశా. చిలుకల రెట్ట ఎండి దుమ్ముగా లేస్తే సిట్టకోసిస్ అనే జబ్బు రావచ్చు, అరుదే అనుకోండి, అయినా చేతులు సబ్బుతో కడిగాకే తిండి. ఇద్దరికి ఆస్తమా ఉంది, ఈకల దుమ్ము పడుతుందో లేదో. ఒకమ్మాయికి పక్షి దగ్గరికొస్తేనే ఏడుపు. వీళ్లని బయటే ఉంచేస్తే చిన్నబుచ్చుకుంటారు, మీరైతే ఏం చేస్తారు?

ఇంకోటి, చేతిలో గింజలు పెట్టి తినిపించనిస్తారట. ఇంత గుంపుతో అది పెట్టుకోవచ్చా, మానేయాలా?