ఎండలో పోర్ట్రెయిట్‌కు ఫ్లాష్ కావాలా? కొత్తవాళ్లు దాని జోలికి పోవచ్చా?

కొత్తలెన్సు
కెమెరా కొని మూడు నెలలైంది. మిట్టమధ్యాహ్నం మా అక్కను ఫొటో తీశాను. కళ్లున్న చోట రెండు నల్లటి గుంటలు, ముక్కు కింద మీసంలాంటి నీడ. (మీసం అన్నది అక్కే. నవ్వుతూ అనలేదు.) కెమెరా మీది చిన్న ఫ్లాష్ లేపితే నీడలు పోయాయి కానీ మొహం సున్నం కొట్టిన గోడలా వచ్చింది. వెనుక భాగం మసకగా రావాలని లెన్సు రంధ్రం బాగా తెరిచి ఎఫ్/2.8 పెడితే ఫొటో అంతా తెల్లబోయింది. ఫ్లాష్ లేచి ఉండగా షట్టర్ వేగం 1/200 సెకను దాటనంటోంది. ఈ ఫిల్ ఫ్లాష్ (ఎండలో మొహం మీది నీడలు పోగొట్టే ఫ్లాష్) ఇప్పుడే నేర్చుకోవచ్చా, ఎండ దిగేదాకా ఆగడమే మంచిదా?

పాతరీలు
ఇప్పుడే నేర్చుకోండి. ఫ్లాష్ వేయడం తప్పు కాదు, ఎండ చేయాల్సిన పని కూడా దానికే అప్పగించడం తప్పు. అక్కగారి వీపు సూర్యుడి వైపు ఉండేలా నిలబెట్టండి. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, షట్టర్ 1/200, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/11. ఈ లెక్క వెనుక ఉన్న ఎండకు. ఆ తర్వాత ఫ్లాష్ కాంపెన్సేషన్‌ను (ఫ్లాష్ బలాన్ని పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1.7కు తగ్గించండి. మొహం నీడలోనే ఉంటుంది, కానీ కళ్లు కనిపిస్తాయి.
దూరం మరిచిపోవద్దు. చిన్న ఫ్లాష్‌ల గైడ్ నంబర్ (ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె) చాలా వరకు 12 ప్రాంతంలో ఉంటుంది. దాన్ని ఎఫ్ సంఖ్య 11తో భాగిస్తే ఫ్లాష్ అందే దూరం, మీటరు చిల్లర. తగ్గించి వాడుతున్నారు కాబట్టి రెండు మీటర్ల దాకా నెట్టుకురావచ్చు. నాలుగు మీటర్ల నుంచి వేస్తే దాని వల్ల ఏ ఉపయోగమూ ఉండదు.

అద్దంచాటు
రిఫ్లెక్టర్ (వెలుతురును మొహం మీదికి తిప్పే పలక) పట్టుకుంటే సరిపోతుంది కదా.

పాతరీలు
ఎవరు పట్టుకుంటారు? పైగా వెండిరంగు రిఫ్లెక్టర్‌తో ఎండను కళ్లలోకి కొడితే ఎవరైనా కళ్లు చికిలిస్తారు.

నీడపట్టు
కొత్తలెన్సు గారూ, పది అడుగులు నడిచి నీడలోకి వెళ్లండి. నీడ అంచున నిలబెట్టి మొహం వెలుగు వైపు తిప్పండి. ఎఫ్/2.8 హాయిగా పనిచేస్తుంది, గైడ్ నంబర్‌ను దేనితోనూ భాగించక్కర్లేదు. నాకు ఫొటోగ్రఫీ నేర్పినాయన మొదటి వారమే ఫ్లాష్ కొనిపించాడు. వెలుగు ఎటు నుంచి వస్తోందో చూడడం మాత్రం రెండేళ్లయినా నేర్పలేదు. ఆ ఫ్లాష్ ఇప్పటికీ అలమరలో ఉంది, బ్యాటరీలు కారిపోయి.

పాతరీలు
బ్యాటరీలు తీసి పెట్టకపోతే కారతాయి. అది ఫ్లాష్ తప్పు కాదు.
ఇంకో మాట. షట్టర్ స్పీడు పెంచితే ఎండ వెలుతురు తగ్గుతుంది, ఫ్లాష్ వెలుతురు తగ్గదు. ఈ ఒక్కటి అర్థమైతే సగం వచ్చినట్టే.

నీడపట్టు
తగ్గదా? నేను 1/2000 పెట్టినప్పుడు నా ఫ్లాష్ వెలుతురు మొహం దాకా రానే లేదు. తెలియకపోతే చెప్పకండి. కొత్తవాళ్లు మీ మాట నమ్మి తిరుగుతారు.

పాతరీలు
మీరు పెట్టింది హై స్పీడ్ సింక్. అది వేరు. నేను చెప్పింది 1/200 లోపు మాట.

నీడపట్టు
ఆ ‘లోపు’ అనే మాట మీ పోస్టులో ఎక్కడుంది? చూపించండి.

లెక్కలగది
ఇద్దరూ సరిగ్గానే చెబుతున్నారు, ఇద్దరూ సగమే చెబుతున్నారు. షట్టర్‌లో రెండు తెరలుంటాయి. సింక్ స్పీడు (ఇక్కడ 1/200) దాకా, ఒక క్షణమైనా సెన్సర్ మొత్తం తెరిచి ఉంటుంది. ఫ్లాష్ ఆ క్షణంలో మెరిసి ఆరిపోతుంది కాబట్టి దానికి షట్టర్‌తో పనిలేదు. అంతకంటే వేగం పెంచితే మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది బయలుదేరుతుంది, సన్నటి చీలిక మాత్రమే సెన్సర్ మీదుగా పాకుతుంది. అప్పుడు ఒక్కసారి మెరిస్తే ఫొటోలో నల్లపట్టీ వస్తుంది. అందుకే హై స్పీడ్ సింక్‌లో ఫ్లాష్ గబగబా వరసగా మెరుస్తూనే ఉంటుంది. ఆ వెలుతురులో చాలా భాగం తెర మీదే పడి పోతుంది. షట్టర్ వేగం పెంచినకొద్దీ ఇంకా తగ్గుతుంది.
కొత్తలెన్సు గారి ఎఫ్/2.8 సంగతి కూడా ఇదే. ఎఫ్/11 నుంచి అక్కడికి నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు), అంటే 16 రెట్లు వెలుతురు. 1/200 దగ్గరే ఉండాలంటే నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) బిగించాలి. అది ఎండనూ ఫ్లాష్‌నూ కలిపి తగ్గిస్తుందని గుర్తుంచుకోండి.

చీకటిగది
రా ఫైలులో (కెమెరా ప్రాసెస్ చేయని ఫైలు) నీడలు తర్వాత ఎడిటింగ్‌లో పైకి లేపుకుంటే పోదా?

లెక్కలగది
కొంతవరకు పోతుంది. నాయిస్ (గరుకు చుక్కలు) వస్తుంది, కంటిలో మెరుపు చుక్క మాత్రం రాదు.

నీడపట్టు
చూశారా, ఒక్క మొహం కోసం ఎంత సరంజామానో! ఎదుటి మనిషిని ‘కాస్త ఇటు రండి’ అని అడగలేనివాళ్లే ఫ్లాష్‌ల వెంట పడతారు. మాట్లాడడం చేతకాక.

పాతరీలు
మాట్లాడడం చేతకాకనా? సరే, వినండి. మా అమ్మ చక్రాల కుర్చీలో ఉండేది. పెరట్లో తను నాటిన చెట్టు ముందు ఫొటో కావాలంది. ఆ చెట్టు ఎండలోనే ఉంది, నడిచి నీడలోకి రాదు. అమ్మా నడవలేదు. మీరు చెప్పే పది అడుగులు అందరి దగ్గరా ఉండవు.

నీడపట్టు
అమ్మగారి సంగతి తెలియక అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా అడుగుతాను. కుర్చీని ఎండకు వీపు పెట్టి తిప్పి, మొహానికి సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే ఫ్లాష్ ఎందుకు?

పాతరీలు
ఇస్తే చెట్టు తెల్లబోతుంది. ఆమె అడిగింది చెట్టు ముందు ఫొటో.

నీడపట్టు
మీకు వెనుక ఉన్నది కావాలి, నాకు మొహం మీది వెలుగు కావాలి. ఇంతసేపూ ఫ్లాష్ గురించి కొట్టుకున్నాం. నేనైతే ఇప్పటికీ చెట్టును వదులుకుంటాను.

పాతరీలు
నేను వదులుకోను.

అద్దంచాటు
ఇంతకీ అడిగినవాళ్లు ఉన్నారా, వెళ్లిపోయారా?

కొత్తలెన్సు
ఉన్నాను. ఇవాళ మళ్లీ అక్కను బతిమాలాను. ఎండకు వీపు, 1/200, ఎఫ్/11, మైనస్ 1.7, మీటరున్నర దూరం. ఆకాశం నీలంగానే వచ్చింది. రెండు కళ్లలోనూ చిన్న చుక్క మెరిసింది. నీడ అంచున కూడా తీశాను. అక్కకు నీడలో తీసినదే నచ్చింది, నాకు ఎండలోది. కానీ ఎండలో తీసిన ప్రతి ఫొటోలోనూ అడుగున, నడుము దగ్గర, అర్ధచంద్రాకారంలో నల్లటి నీడ ఉంది. ఫ్లాష్ పాడైందా?

నీడపట్టు
లెన్స్ హుడ్ (లెన్సు ముందు తగిలించే గొట్టం) తీసేయండి. చిన్న ఫ్లాష్‌కు అది అడ్డొస్తోంది.

పాతరీలు
అదే చెప్పబోతున్నాను.