ఆధార్ ముందా, టెన్త్ మెమో ముందా? పేరు, జెండర్ మారాక కాగితాల వరస

సఖినేటిపల్లి నుంచి:
నమస్తే అండి. నేను ట్రాన్స్‌మ్యాన్‌ని, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా నేను మగవాణ్ణి. కలెక్టర్ గారి సంతకంతో కొత్త పేరు మీద ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్, కార్డు రెండూ వచ్చాయి. హమ్మయ్య అనుకున్నా, కానీ అసలు తిరుగుడు ఇప్పుడే మొదలైంది. బ్యాంకుకెళితే ఆధార్ మార్పించుకు రమ్మన్నారు. ఆధార్ సెంటర్లో కుర్రాడు టెన్త్ మెమో అడిగాడు. నేను చదివింది నరసాపురంలో. ఆ స్కూలుకెళితే ముందు ఆధార్ మార్చుకో అన్నారు. నిన్న వానలో ఫైలు చొక్కా లోపల దోపుకుని పంటు మీద, అదే గోదావరి దాటించే పడవ మీద, తిరిగొచ్చా. రోజంతా నన్ను ఏ కాగితమూ అడగనివాడు పంటు టిక్కెట్టు కొట్టేవాడొక్కడే. ఇంకో టెన్షన్: మెమోలో పశ్చిమ గోదావరి, పాత ఆధార్లో తూర్పు గోదావరి, కొత్త సర్టిఫికెట్లో కోనసీమ. ఇదీ అడ్డమేనా?

కాకినాడ నుంచి:
తమ్ముడూ, నీ చేతిలో ఉన్నదే అన్నిటికీ తాళంచెవి. ఆధార్‌లో పేరుకీ జెండర్‌కీ ఆ సర్టిఫికెట్టే రుజువు, టెన్త్ మెమోతో పని లేదు. ఆ కుర్రాడికి తెలియకపోతే వాదన పెట్టుకోకు, ఇంకో సెంటర్‌కి వెళ్లు. ఒరిజినల్ తీసుకెళ్లు, స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తారు.

నేను 2023లో మార్పించుకున్నా. నా వరస: ఆధార్, తర్వాత పాన్, ఆ రెండూ చేతికొచ్చాక బ్యాంకు. పాన్‌లో పేరు, జెండర్ ఆధార్‌తో కలవకపోతే లింకు దగ్గర ఆగిపోతుంది. పాన్‌లో ట్రాన్స్‌జెండర్ అనే గడి 2018 నుంచి ఉంది. ఓటరు కార్డుకి ఫారం 8. రైస్ కార్డు సంగతి మీ సచివాలయంలోనే అడుగు.

నేను చేసిన తప్పు నువ్వు చేయకు. సెంటర్లో మన వైపు తిప్పి ఒక తెర ఉంటుంది. దాంట్లో కొత్త పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అక్షరం అక్షరం చదువు. నేను తొందరలో సరే అనేశా, తెలుగులో ఒక దీర్ఘం పోయింది. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జన్మకి రెండే అవకాశాలు. ఆ దీర్ఘానికి రెండోది ఖర్చైపోయింది.

భీమవరం నుంచి:
మనవాళ్లకి ఇంటిపేరుతోనే సగం గొడవండి. టెన్త్ మెమోలో ఒక్క అక్షరం ఇనీషియల్, పాన్‌లో ఇనీషియల్ ఒప్పుకోరు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. కాబట్టి ఆధార్లోనే ఇంటిపేరు పూర్తిగా వేయించండి. పాత పేరు ఎన్ని రకాలుగా ఉంటే అన్నీ, కొత్త పేరుతో సహా, ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ఒకటి దగ్గర పెట్టుకోండి. పదిచోట్ల పనికొస్తుంది.

అమలాపురం నుంచి:
జిల్లాల గురించి కంగారు వద్దండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి, ఊరు మాత్రం అక్కడే ఉంది కదా. పాత కాగితంలో పాత జిల్లా ఉంటే తప్పేం కాదు. మీ మెమో సంగతి వేరు, గోదావరికి అవతల చదివారు కాబట్టి అక్కడ పశ్చిమ గోదావరి ఉండాల్సిందే.

సఖినేటిపల్లి నుంచి:
చాలా థ్యాంక్స్ అండి. అక్కా, వచ్చే ఏడాది ఆపరేషన్ అనుకుంటున్నా. అప్పుడు సర్టిఫికెట్లో పురుషుడు అని మారుతుందంటున్నారు. ఇప్పుడు ఆధార్లో ట్రాన్స్‌జెండర్ అని వేయించుకుంటే తర్వాత ఇబ్బందా?

కాకినాడ నుంచి:
ఈ ముక్క ముందే చెప్పాల్సింది తమ్ముడూ! 2019 ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణ చట్టంలో 7వ సెక్షన్ అది. ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రి మెడికల్ సూపరింటెండెంట్ గానీ చీఫ్ మెడికల్ ఆఫీసర్ గానీ ఇచ్చిన కాగితంతో కలెక్టర్‌కి మళ్లీ పెట్టుకోవాలి. కానీ ఆధార్‌లో జెండర్ మార్పు ఒక్కసారే. రెండోసారి కావాలంటే హైదరాబాద్ రీజినల్ ఆఫీసు దాకా పోవాలి.

ఆపరేషన్ తేదీ ఖాయమైతే ఇప్పుడు పేరూ ఫొటో మాత్రం మార్పించుకో, జెండర్ ఆపు. పాన్‌లోనూ అంతే, రెండూ కలిసి ఉండాలి. 'చూద్దాం, డబ్బులు సమకూరాక' అనే మాటైతే మాత్రం ఆగకు. నేను అలాగే ఆగి, రెండేళ్లు ప్రతి కౌంటర్ దగ్గరా నా కథ మొదటినుంచీ చెప్పుకున్నా.

మెమో ఆఖరున చేతికొస్తుంది, దరఖాస్తు మాత్రం ముందే పడేయి. హెడ్మాస్టర్ గారికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీ, స్టాంపు వేయించుకో. నోటిమాటకి విలువ లేదు. ఆ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనల ప్రకారం దరఖాస్తు పెట్టిన 15 రోజుల్లో మార్చాలి, చదువు సర్టిఫికెట్లూ ఆ జాబితాలో ఉన్నాయి. కొత్త మెమో మీద పాత నంబరే ఉండాలి. ఆ నిబంధనల ప్రింటు ఫైల్లో పైనే పెట్టుకో. స్కూల్లో కదలకపోతే కలెక్టరేట్‌లో ట్రాన్స్‌జెండర్ల సంక్షేమం చూసే ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) గారికి ఇంకో నకలు ఇవ్వు.

సఖినేటిపల్లి నుంచి:
తేదీ ఇంకా ఖాయం కాలేదక్కా. డబ్బులే చూసుకోవాలి. అయితే రెండూ మార్పించేస్తా. రేపు పొద్దున్నే రాజోలు సెంటర్‌కి వెళ్తున్నా. సర్వర్ ఉంటే రాత్రికి ఏమైందో రాస్తా.

భీమవరం నుంచి:
ఫైలుకి ప్లాస్టిక్ కవర్ వేసుకోండి, రేపూ వానేనట.